సంబోధనలు నేర్పిన మాస్టారు

1989 జూలై మూడవ తేదీ, సోమవారం ఉదయం మా కళాశాల సాహిత్యశాఖలో ఉపన్యాసకులుగా చేరిన మాస్టారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వారిని గురించి నాలుగు మాటలు రాయమని సన్మాన సంచిక సంపాదకవర్గం నన్ను కోరింది. నేను చరిత్ర పాఠాలు చెప్పుకునేదాన్ని. అలంకారాలు నా వల్ల కావు. పక్కగదిలో ఇన్నేళ్లు కూర్చున్న అర్హతతో మాత్రమే రాస్తున్నాను.

చేరిన కొత్తలో వ్యాకరణం బోధించిన వారు, అనతికాలంలోనే ‘ప్రాచీన సాహిత్యంలో ఏకాంతం’ అనే పాఠ్యాంశాన్ని స్వయంగా రూపొందించి, దానిని బోధిస్తూ విద్యార్థుల చేత ‘ఒంటరి మాస్టారు’ అనిపించుకున్నారు. ఆ బిరుదు ఎంత అసందర్భమో ఆనాటి మాస్టారిని ఎరిగినవారికి తెలుసు. మెట్ల మీద ఎవరు దొరికినా గంట నిలబెట్టేసేవారు. మధ్యాహ్నం శాఖలో ఫోను మోగితే అవతల వారి శ్రీమతి, మా అందరికీ అక్క. “మీ ఒంటరి మాస్టారు బాక్సు తెరిచారా, ఇంకా ఎవరి తలైనా తింటున్నారా?” అని అడిగేది. మేము నవ్వుకుని ఫోను వారికిచ్చేవాళ్లం.

తరగతిలో మాత్రం వారి తీరు వేరు. ప్రాచీన కవులు నాయకుడి నోట ‘నేను ఒంటరిని’ అని పలికించరనీ, ఆ సంగతిని వాక్యం చేతే చెప్పిస్తారనీ వారి సిద్ధాంతం. దుఃఖం పొంగినప్పుడు సమాసాలు బారులు తీరుతాయి; తోడు పోయినప్పుడు అవే సమాసాలు విడిపోయి, విశేషణాలు రాలిపోయి, చివరికి పొట్టి పొట్టి మాటలు మిగులుతాయి. “సమాసమంటే సంసారం లాంటిదే. రెండు పదాలు సర్దుకుని కూర్చోవాలి” అని చమత్కరించేవారు. అన్నింటికంటే సంబోధనను గమనించమనేవారు. “వినేవాళ్లున్నవాడు మనిషిని పిలుస్తాడు. లేనివాడు చెట్టుని పిలుస్తాడు, మబ్బుని పిలుస్తాడు. పిలుపు ఎటు తిరిగిందో చూడండి, చాలు” అనే వారి మాట నా గదిలోకి కూడా వినిపించేది. గోడ పలుచన, గొంతు పెద్దది.

మూడేళ్ల క్రితం అక్క హఠాత్తుగా కన్నుమూసింది. వారికి సంతానం లేదు. నాటినుంచి మాస్టారు సెలవు పెట్టడం మానేశారు. పనిలేని రోజున కూడా వచ్చి ఖాళీ తరగతిలో కూర్చునేవారు. మెట్ల మీద కబుర్లు ఆగిపోయాయి. గత ఏడాది ఒకనాడు, సంబోధన గురించే పాఠం చెబుతూ, పద్యం చదవబోయి జేబులు తడుముకున్నారు. తలుపు వైపు తిరిగి, “ఏమోయ్, నా కళ్లజోడెక్కడ పెట్టావ్?” అన్నారు. పిల్లలు వేళాకోళమనుకుని గొల్లుమన్నారు. వారి ముఖం చూశాక ఒక్కొక్కరే ఆగారు. ముందు బల్ల మీది అమ్మాయి లేచి, హాజరుపట్టీ కింద ఉన్న కళ్లజోడు తీసి చేతికిచ్చింది. మాస్టారు దాన్ని తుడుచుకుని పెట్టుకున్నారు. “చూశారా పిల్లలూ, సంబోధన ఉంది, బదులు పలికే మనిషి లేదు. రాసుకోండి, పరీక్షకొస్తుంది” అన్నారు. అందరూ తల వంచుకుని రాసుకున్నారు.

ఈ విరమణతో ఆ పాఠ్యాంశమూ విరమిస్తోంది. వచ్చే ఏడాది నుంచి దాన్ని తొలగించారు, చేరేవారు లేరని. జీతం వద్దు, వారానికి ఒక్క గంట ఎవరికైనా ఏదైనా చెప్పుకోనివ్వమని మాస్టారు ప్రిన్సిపాల్‌గారిని అడిగినప్పుడు నేనక్కడే ఉన్నాను.

“నిబంధనలు ఒప్పుకోవండీ. అయినా ఇన్నాళ్లు కష్టపడ్డారు, ఇక హాయిగా ఇంటిపట్టున ఉండండి.”

“ఇంట్లో ఎవరికి చెప్పను సార్?” అన్నారు మాస్టారు. ప్రిన్సిపాల్‌గారు కాగితాలు సర్దుకున్నారు. జీవితమంతా పిలుపు గురించి చెప్పిన మనిషికి ‘పిల్లలూ’ అని పిలిస్తే తలెత్తి చూసే చోటు ఈ ఊళ్లో ఆ తరగతి ఒక్కటే ఉండేది. దానికి తాళం పడుతోంది. నాకు కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఎందుకూ పనికిరాలేదు.

ఈ వ్యాసం కోసం మొన్న వారి గదికి వెళ్లాను. పుస్తకాలు కట్టలు కడుతున్నారు. ఏమనాలో తోచక, “మీరు నిండు నూరేళ్లు చల్లగా ఉండాలి మాస్టారూ” అన్నాను. తాడు ముడి వేస్తూనే, “అన్నేళ్లు ఎవరితోనమ్మా?” అని అడిగారు. అందులో నిష్ఠూరం లేదు. తెలియక అడిగినట్టే అడిగారు.

ఆ మాట తీసేయమని సంపాదకులు సూచించారు; సన్మాన సంచికలో బాగుండదట. నేను తీయలేదు. మాస్టారికి సంపూర్ణ ఆరోగ్యమూ సుదీర్ఘమైన ఆయుష్షూ కలగాలని సహోద్యోగులందరి తరఫున మనసారా కోరుతున్నాను. కోరుతుంటే నాకే భయంగా ఉంది.