వాసన చూసి పరిగెత్తే బండి

ఎవడ్రా అన్నది, నా బండి తాగుబోతని? నువ్వేగా పాస్కాలీ! లోపలికొస్తూ నా చెవులతో విన్నా. "అదిగో స్టెర్గియోస్ వచ్చాడు, వాడికంటే వాడి బండే ఎక్కువ తాగుతుంది" అన్నావా లేదా? నవ్వకు, ఒళ్లు మండిపోతోంది నాకు! వాయక్కా, ఓ గ్లాసు త్సీపురో సారా పొయ్, కాల్చిన మిరపకాయలు పెట్టు. వీడికి మాత్రం ఏమీ పెట్టకు. ఇదిగో తాళాలు, బల్ల మీద పెడుతున్నా, కళ్లారా చూడండి. రెండున్నర టన్నుల బండి, తోలు సీట్లు. ఫ్లోరినా చుట్టుపక్కల ఇలాంటిది ఇంకోటి చూపించండి, సగం మీసం తీసేసి తిరుగుతా.

"వంద కిలోమీటర్లకి ఇరవై లీటర్లు తాగుతుందన్నా. తప్పా?" అన్నాడు పాస్కాలిస్.

ఇరవయ్యా! నోరు కడుక్కుని రా, ఫో! నా బండి డీజిల్ తాగదురా, వాసన చూస్తుంది. అంతే. మొన్న మా ఆవిణ్ణి కంటి డాక్టరుకి చూపిద్దామని థెస్సలోనికీకి తీసుకెళ్లానా, పోనూ రానూ మూడొందల కిలోమీటర్ల పైమాటే, డీజిల్ ముల్లు వెంట్రుకవాసి కదిలితే ఒట్టు. మా ఆవిడే బెదిరిపోయింది, "ఏవండీ, ముల్లు విరిగిందేమో" అని. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వచ్చేటప్పుడు కనుమ దిగుతున్నామా, ఆ ముల్లు పైకి లేవడం మొదలెట్టింది! ఔను, పైకి! ఆవు గడ్డి మేసి పాలిచ్చినట్టు, ఇది దిగుడులో గాలి మేసి డీజిల్ ఇస్తుంది. ఊరి మొదటికొచ్చేసరికి ట్యాంకు నిండిపోయి మూతలోంచి బొటబొటా కారుతోంది.

"ఏ రంగులో కారింది?" అని పొయ్యి దగ్గర్నుంచి అడిగాడు అర్గీరిస్. స్టెర్గియోస్‌కి సొంత బాబాయి.

రంగేంటి బాబాయ్ రంగు! డీజిల్ రంగు! మధ్యలో అడ్డు తగలకు. ఈయన్ని చూడండి, పొద్దున్నే వాయక్క దుకాణం తలుపు తీయగానే వచ్చి కూర్చుంటాడు, మూసేదాకా ఆ పొయ్యిని వదలడు. కోటైనా విప్పడు. ఇంట్లో కూర్చోడానికి ఏం రోగం, ముళ్లున్నాయా నీ ఇంట్లో? సరే, ఎక్కడున్నాం... ఆఁ, కారుతోంది. పారబోస్తామా? నేరుగా పెట్రోలు బంకుకి తీసుకెళ్లా. గొట్టం ఇటు తిప్పి నా బండిలోంచి వాడి డీజిల్ గుంతలోకి పోశా. పోస్తే, పోస్తే, వాడి గుంత నిండింది గానీ నా ట్యాంకు తరగదే! బంకువాడు కాళ్లు పట్టుకున్నాడు, "బాబ్బాబు, ఇంకో బంకుకి వెళ్లు, పిల్లలు గలవాణ్ణి" అని.

"వాడు కాళ్లు పట్టుకున్నాడా, కాలరు పట్టుకున్నాడా?"

పాస్కాలీ, ఈ గ్లాసు నీ నెత్తిన పగలగొడతా! వినడం చేతకాకపోతే బయటికెళ్లి మంచులో నిలబడు. అక్కణ్ణుంచి పైకొస్తుంటే మంచు తోసే లారీ ఆగిపోయి ఉంది, దాని వెనక బస్సు, బస్సు వెనక పాల లారీ. అందరికీ తలో బిందె పోశా. చాల్లేదు, తాడు కట్టి మూడింటినీ ఒకేసారి కొండెక్కించా. ఎక్కించాక చూస్తే ముల్లు మళ్లీ నిండుగా! ఇది జర్మనీలో తెలిసిపోయింది. బండి తయారుచేసిన కంపెనీ నుంచి నలుగురు ఇంజనీర్లు వచ్చి మా పెరట్లో మోకాళ్ల మీద కూర్చున్నారు. "అయ్యా, పొరపాటున చేశాం, ఇది ఎవరికీ చూపించొద్దు, మా కొంప మునుగుతుంది" అన్నారు. మర్నాడు ఎడారి దేశం నుంచి ఓ షేకు ఫోను చేసి ఒకటే ఏడుపు, తన బావుల్లో నూనె కొనే నాథుడు లేకుండా పోయాడట!

"సరే గానీ, టైర్లు, ఆయిలు, పన్ను?" అంది వాయా, గ్లాసు నింపుతూ. "అవి కూడా గాలి మేసేనా?"

టైర్లా? గోళ్లలా పెరుగుతాయక్కా, మా ఆవిడ ఆదివారం ఆదివారం కత్తిరిస్తుంది. ఇక ఆ సీట్లు! మీట నొక్కితే చాలు వెచ్చగా... వెచ్చగా ఏంటి, పొయ్యే! మా ఆవిడ వెనక సీట్లో పిండి ముద్ద పెడితే ఊరు చేరేలోగా రొట్టె కాలింది. ముందు సీట్లో గుడ్లు పెడితే పిల్లలు లేచాయి. పన్నంటావా, ఇంత పెద్ద ఇంజను పెట్టుకుని ఒక్క సెంటు కట్టలేదు. పన్నులవాళ్లు నా గుమ్మం తొక్కితే ఒట్టు! ఇప్పుడు చెప్పండ్రా, నా బండి తాగుబోతా?

అర్గీరిస్ లేచాడు. చేతికర్ర ఆనించుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు.

"నీ గుమ్మం తొక్కలేదు, నిజమే," అన్నాడు. "నా గుమ్మం తొక్కారు. బండి నా పేరునుందిగా."

"బాబాయ్, ఇప్పుడవన్నీ ఇక్కడెందుకు..."

"నోర్ముయ్! ఇందాకట్నుంచీ నీ కోతలు విన్నాంగా. 'ఊరికే ఓ సంతకం బాబాయ్, నా పేరునుంటే పన్నులవాళ్లు పీక్కుతింటారు' అన్నావు. అన్న కొడుకువి కదా అని పెట్టా. ఇంత బండి గలవాడికి సాయమెందుకని చలికాలం నాకొచ్చే సర్కారు డబ్బు ఆపేశారు. సరే, ఊరుకున్నా. మేకల్ని అమ్మి, ఇల్లు వెచ్చబెట్టుకునే డీజిల్ నేలమాళిగ ట్యాంకులో పోయించుకున్నా. చవక సరుకు, బండ్లలో పొయ్యకూడదని సర్కారువాళ్లు ఎర్ర రంగు కలిపేది. క్రిస్మస్ కూడా దాటకుండా ఆ ట్యాంకు అడుగంటింది."

స్టెర్గియోస్ గ్లాసు ఎత్తి, తాగకుండానే దించాడు.

"మొన్న మంచు పడ్డాక చూస్తే, నా నేలమాళిగ కిటికీ దగ్గర్నుంచి నువ్వు బండి పెట్టే చోటు దాకా ఎర్ర చుక్కలు. నక్క కోడిని ఎత్తుకుపోయిందనుకున్నా. వెళ్లి లెక్కపెట్టుకుంటే కోళ్లన్నీ ఉన్నాయి. వంగి వాసన చూశా. నీ బండి ఒక్కటే కాదురా వాసన చూసేది!" ముసలాయన తన కోటు అంచు పట్టి చూపించాడు. "కోటుతోనే పడుకుంటున్నాన్రా నేను. అందరి ముందూ ఆ కోటుని వెక్కిరించడానికి నీకు నోరెలా వచ్చింది?"

అర్గీరిస్ బల్ల మీది తాళాలు తీసుకుని జేబులో వేసుకున్నాడు.

"ఎక్కడికి బాబాయ్?"

"నా బండిలోకి. సీట్లు పొయ్యిలా ఉంటాయన్నావుగా."

తలుపు మూసుకుంది. అందరూ కిటికీ దగ్గర చేరారు. ముసలాయన బండెక్కి, లోపల్నుంచి తాళం వేసుకుని, ఇంజను వేశాడు. వెనక గొట్టంలోంచి పొగ లేచింది. స్టెర్గియోస్ గ్లాసు వదిలేసి మంచులోకి పరిగెత్తి, బండి అద్దం మీద రెండు చేతులతో బాదాడు.

"బాబాయ్! ఇంజనాపు! నీకు దణ్ణం పెడతా, డీజిల్ అయిపోతుంది!"

"కంగారెందుకురా?" అని గుమ్మంలోంచి అరిచాడు పాస్కాలిస్. "వాసనేగా చూసేది!"

బండిలో అర్గీరిస్ సీటు మీట నొక్కాడు. సీటు వెచ్చబడేదాకా ఆగాడు. తర్వాత తొందరేమీ లేకుండా గుండీలు ఒక్కొక్కటే తీసి, కోటు విప్పి పక్క సీట్లో పెట్టుకున్నాడు.