కొత్త పేపరివ్వని సారు

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రిన్సిపాల్ పద్మ గారికి, వేదిక మీది పెద్దలకు, ఈరోజు పదవీ విరమణ చేస్తున్న లెక్కల సారు శ్రీశైలం గారికి, ఆయన సతీమణి ఇంద్రమ్మ గారికి, మరమగ్గాల సాంచాలు ఆపుకొని మరీ వచ్చిన తల్లిదండ్రులకు, వెనక వరుసల్లో కూర్చొని వంటల వాసన పీలుస్తున్న విద్యార్థులకు నమస్కారం. (నవ్వులు)

నేను దేవేందర్‌ను, ఈ కాలేజీలో ఇంగ్లిషు చెబుతాను. జగిత్యాలలో, కోరుట్లలో పనిచేసి చివరికి సొంతూరు సిరిసిల్లకు వచ్చిన సారు గురించి చెప్పాలంటే చాలా ఉంది కానీ, ఎక్కువ పొగిడితే ఆయన లేచి వెళ్లిపోతారు కాబట్టి ఆదివారం పరీక్ష గురించి మాత్రమే చెబుతాను.

పీజీ ఎంట్రన్స్ రాసే పిల్లలకు సారు ప్రతి ఆదివారం మాక్ టెస్టు పెట్టేవారు. అసలు పరీక్ష ఎంతసేపో అంతసేపు, ఫోన్లు సారు బల్ల మీద, మంచినీళ్లకు కూడా లేవడానికి లేదు. అక్కడిదాకా అందరూ చేసేదే. దిద్దిన తర్వాతే అసలు పని మొదలయ్యేది. తప్పిన ప్రతి లెక్కా ఎందుకు తప్పిందో పక్కనున్నవాళ్లకు వివరించాలి. రాక తప్పిందా, తొందరలో తప్పిందా, ప్రశ్న సగమే చదివారా అన్నది తేలి, విన్నవాళ్లు ఒప్పుకుంటేనే మళ్లీ కొత్త పేపరు. ఊహించి పెట్టిన జవాబు సరైనదైనా వదిలేవారు కాదు. "గుడ్డోని రాయి తగిలితె గురి కుదిరినట్టారా?" అనేవారు. ఇంద్రమ్మ గారూ, మీ ఆదివారాలన్నీ ఇలా మా పాలయ్యాయి, ఇప్పుడు తిరిగి అప్పగిస్తున్నాం. కూరలో ఉప్పు ఎందుకు తగ్గిందో వివరించమంటే, ఒక పూట ఆయన్నే వండమనండి. (నవ్వులు)

అదిగో, రెండో వరుసలో రవళి కూర్చుంది, సాంచ నడిపే మన రాములన్న బిడ్డ. ఎమ్మెస్సీ చదువుతానంటే రాములన్న ఒకటే మాట అన్నాడట: "ఒక్క యాడాది చూస్త బిడ్డా. సీటస్తె చదువుకో, లేకుంటె ఏదన్న దుకాండ్ల పనికి కుదురుకోవాలె." ఆ మాటతో ఈ పిల్ల గుడ్డెద్దు చేలో పడ్డట్టు పేపర్ల మీద పడింది. మన ఊళ్లో పుట్టిన పిల్లలు చిన్నప్పటి నుంచి వినేది ఇవాళ సాంచ మీద ఎన్ని మీటర్ల బట్ట దిగిందన్న మాటే కదా, ఆమె కూడా పేపర్లను అలాగే లెక్కపెట్టింది. ఆదివారందాకా ఆగక, సారు దగ్గర పేపర్లు తీసుకెళ్లి ఇంట్లోనే పొద్దున ఒకటి, మాపటికి ఇంకొకటి. "ఇయ్యాల రెండు దించిన సార్" అంటూ వచ్చేది, మార్కులు మాత్రం ఉన్నచోటే ఉండేవి. ఒకరోజు సారు కొత్త పేపరు ఇవ్వనన్నారు. రవళి స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడి ఏడ్చేసింది. నేను అక్కడే ఉన్నాను.

"పోగు తెగితె మీ బాపు ఏం జేస్తడు?" అని అడిగారు సారు.

"సాంచ ఆపి ముడేస్తడు సార్."

"ఆపకుంటె?"

"బట్ట పొడుగునా చార పడ్తది."

"మరి నువ్వెందుకు ఆపుతలేవు? దినాం గదే చార నేస్తున్నవ్."

పాత పేపర్లన్నీ ముందేసుకుని చూస్తే తప్పులు గుప్పెడే, అవే మళ్లీ మళ్లీ. వాటి మీదే కూర్చుంది. ఇక అసలు పరీక్షకు వారం ఉందనగా సారు టెస్టులే ఆపేశారు. "సారుకు నా మీద ఆశ పోయిందా?" అని ఆ పిల్ల నన్నడిగింది. నాకూ అనుమానం వచ్చి సారును అడిగాను. "ఇప్పుడు పేపరిస్తె భయమే పెరుగుతది దేవేందర్, పిల్లను నిద్రపోనియ్" అన్నారు.

రవళికి యూనివర్సిటీలో సీటు వచ్చింది. (చప్పట్లు) ఆమె ఫోన్ చేసి చెబితే, నా ముందే సారు ర్యాంకు కూడా అడగకుండా "ఏమేం తప్పినయ్?" అన్నారు. నాకు ఒళ్లు మండింది, ఒక్క శభాష్ అంటే ఏం పోయిందని.

ఆ ఆదివారమే రవళి కాలేజీకి వచ్చింది. సీటొచ్చిన పిల్లలు స్వీట్లు తెస్తారు. ఈమె జూనియర్ల ముందు నిలబడి, అసలు పరీక్షలో తనకు ఏ లెక్కలు తప్పాయో, ఎందుకు తప్పాయో ఒక్కొక్కటే చెప్పింది. ఒకటి తొందరలో తప్పిందని చెబితే, ముందు బెంచీలోని జూనియర్ పిల్ల ఒప్పుకోలేదు. "తొందర కాదక్కా, నీకు రాలే" అంది. (నవ్వులు) రవళి ఆ లెక్క మళ్లీ వేసి చూసి, "అవు, రాలే" అని ఒప్పుకుంది.

చివరి బెంచీలో నా పక్కన కూర్చున్న సారు మెల్లగా అన్నారు: "దేవేందర్, ఇగ నేను పోవచ్చు."

(ఆగి) సార్, ఆ మాట నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చలేదు. మీ పక్క కుర్చీలో కూర్చోవడం నా అదృష్టం. రేపటి నుంచి మీ కుర్చీ వైపు చూడటం నాకు కష్టమే.

ఇంత ఓపికగా విన్న మీ అందరికీ కృతజ్ఞతలు. వచ్చే ఆదివారం పరీక్ష ఉంది, పేపరు రవళి తయారు చేస్తోంది, గది తాళం నేను తీస్తాను. సెలవు.