మేస్త్రమ్మ గుండీల లెక్క

ఏమిటే, కుదిరే తీరు ఒకటి వెతకడం తేలికట, అలాంటివి మొత్తం ఎన్నున్నాయో లెక్కపెట్టడం కష్టమట, అదా మీ కాలేజీలో చెప్పేది? ఆ ముక్క మా పెద్ద తోడికోడలికి ఎవరైనా ముందే చెప్పుంటే ఉద్యోగం నిలిచేది. నువ్వెరగవులే, పోయి చాలాకాలమైంది. చొక్కాలు కుట్టే షెడ్డులో అందరికీ ఆవిడ మేస్త్రమ్మ. నేనూ అక్కడే, కాలర్ల దగ్గర. పొద్దున్నే ఎవరు ఏ మిషను మీద కూర్చోవాలో చెప్పడం ఆవిడ పని. అందరికీ అన్నీ రావు కదా. నాకు కాలర్లూ, అంచులు కుట్టే ఓవర్‌లాకూ వచ్చు, కాజా మిషను చూస్తే వణుకు. మాతో కుట్టే చెవిటి వదినకేమో కాజాలూ గుండీలూ, అంతే. అలాంటి మమ్మల్ని, ఒక్క మిషనూ ఖాళీ లేకుండా, టీ చల్లారేలోగా సర్దేసేది.

ఓనరుగారి అల్లుడు కొత్తగా వచ్చాడు. చెడ్డవాడేం కాదు. "ఇలా ఎన్ని రకాలుగా కూర్చోబెట్టొచ్చు మేస్త్రమ్మా? అది తెలిస్తే మనుషుల్ని తగ్గించొచ్చేమో చూస్తా" అన్నాడు. తెలీదంటే పోయేది కదా! రోషం కదూ! "ఒకటి చిటికెలో పెట్టేదాన్ని, అన్నీ చెప్పడం ఓ లెక్కా! శనివారానికి చెబుతా. చెప్పలేకపోతే ఈ పనే నాకొద్దు" అనేసింది.

ఇంటికొచ్చి బల్లమీద గుండీలు పరిచింది. మనుషులకు తెల్లవి, మిషన్లకు నల్లవి. నన్ను ఓవర్‌లాక్‌కి జరిపితే అక్కడున్నది లేవాలి, అది పోయి ఇంకోదాన్ని లేపాలి, అలా షెడ్డంతా లేచి కూర్చునేది. "ఇది ఇందాక వచ్చిందా, కొత్తదా?" అని నన్నడిగేది. నాకేం తెలుసు! బావగారేమో "ఈపూట అన్నం పెడతావా, గుండీలు పెడతావా?" అని. ఆవిడకి నవ్వు రాలేదు.

శనివారం వెళ్లి "తెలీదు బాబూ" అంది. "పోనీండి, దానికేం, ఉండండి" అన్నాడాయన. ఉంటుందా? మాటంటే మాటే. కత్తెర సంచిలో వేసుకుని వచ్చేసింది.

సోమవారం ఆ అల్లుడే నిలబడి మమ్మల్ని సర్దాడు. కాస్త తడబడ్డాడు, కుదిరింది. మిషన్లన్నీ నడిచాయి. ఆవిడ లేని లోటు ఎవరికీ తెలీలేదంటే నమ్ము. సాయంత్రం నేనెళ్లేసరికి గుమ్మంలోనే ఉంది. "ఎవర్ని ఎక్కడేశాడే?" అంది. చెప్పాను. నేను చెబుతుంటే ఒక్కో గుండీ జరుపుతూ వింది. అన్నీ కుదిరాక, "ఇది నా లెక్కలో రానేలేదే" అంది.

...ఆ కిటికీ మూసిరా, జల్లు కొడుతోంది.