తొట్టి మీద కప్పిన పట్ట

నా పేరు బాలమణి. భర్త పేరు వెంకటన్న. వయసు నలభై లోపే, ఆధార్ కార్డులో ఉన్నది సరైనది కాదు. అచ్చంపేట అవతల రాయిచెలక శివారులో హైదరాబాద్ సారు ఫామ్‌హౌస్‌కు మేమిద్దరం కాపలా ఉంటాం. పక్కనే ఉన్న చెలకను కౌలుకు చేసుకుంటాం. నిన్న సాయంత్రం ఆ ఫామ్‌హౌస్‌లో మా అత్త బాలమ్మ నీళ్ల తొట్టిలో పడి చనిపోయింది. అది ఎలా జరిగిందని అడిగితే చెబుతున్నాను, హెడ్ కానిస్టేబుల్ గారు రాసుకుంటున్నారు. నా భర్తను పక్క గదిలో కూర్చోబెట్టారు. అతని దగ్గు నాకు వినిపిస్తోంది.

ఆ తొట్టిని సారు పోయిన ఎండాకాలం తెప్పించాడు. భూమిలో తవ్వి కట్టేది కాదు. ఇనుప పైపులు నిలబెట్టి, వాటికి మందపాటి నీలం షీటు బిగించి, బోరు నీళ్లు నింపేది. నేల వాలుగా ఉంటే నీళ్లన్నీ ఒక పక్కకే ఒరిగి పైపులు వంగుతాయని సారు చెబితే, మేమిద్దరమే వాలును చెక్కి చదును చేసి ఇసుక పరిచాం. అందుకే కింది వైపు నుంచి చూస్తే తొట్టి నా రొమ్ము ఎత్తు ఉంటుంది. పై వైపు మాత్రం దాని అంచు గట్టుకు సమానంగా ఉంటుంది. పిల్లలు నిచ్చెన ఎక్కే పని లేకుండా దిగుతారని సారు అలాగే కావాలన్నాడు. ఎండాకాలమంతా వాళ్ల పిల్లలు అందులో ఆడుకున్నారు. ముచ్చటగానే ఉండేది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

చలి మొదలయ్యాక సారు ఫోన్ చేశాడు. మంచు కురిసే దేశంలో ఇలాంటి తొట్లను చలికాలానికి ఎలా భద్రం చేస్తారో వీడియో చూశాడట. నీళ్లు మొత్తం తీసేయవద్దు, నీటి మట్టాన్ని పైపు నోటి కిందికి దించాలి, మోటారు విప్పి ఆరబెట్టాలి, నీళ్ల నడుమ గాలి దిండు తేలేలా వేసి పైన గట్టిగా కప్పాలి అన్నాడు. నీళ్లు గడ్డకట్టినప్పుడు తొట్టి పగలకుండా ఆ దిండు కాపాడుతుందట. నేను ఫోన్ అందుకుని అడిగాను.

"సారూ, మన దిక్కు నీళ్లు గడ్డ కడ్తయా? అన్ని ఇడిసిపెడితె చెలకన్న తడుస్తది గద."

"జర ఆగు బాలమణీ. ఖాళీ చేస్తే షీటు ముడుచుకపోతది. వీడియోల ఎట్ల చెప్పిండ్రో అట్లనే చెయ్యుండ్రి."

దిండు ఎక్కడ దొరుకుతుంది? ట్రాక్టర్ ట్యూబులో గాలి నింపి నీళ్ల మధ్యలో వదిలాం. కవరు పంపుతానన్నాడు, పంపలేదు. మళ్లీ అడిగితే "ఉన్నదేదో కప్పుండ్రి" అన్నాడు. ఉన్నది మా టార్పాలిన్ పట్ట ఒక్కటే. ఏటా పంట ఆరబోసేది దాని మీదనే. ఈసారి మక్కలు అప్పటికే ఎండి, సంచుల్లో సారు షెడ్డులోకి చేరాయి. అందుకని ఆ పట్టనే కప్పాం. నా భర్త తాళ్లతో పైపులకు కట్టాడు. గట్టు వైపు అంచున నేను రాళ్లు పెట్టాను. పని అయ్యాక దూరం నుంచి చూస్తే, నడుమ ట్యూబు ఉబ్బుతో అచ్చం మక్కల కుప్ప మీద పట్ట కప్పినట్టే ఉంది. మా వైపు పట్ట కింద ఉబ్బు కనిపిస్తే ఎవరైనా పంటే అనుకుంటారు. అప్పుడు నాకు నవ్వొచ్చింది.

మా అత్త తొట్టి రాకముందే కల్వకుర్తిలో కూతురి దగ్గరికి పోయింది. కూతురికి పాణం బాగాలేక ఇన్నాళ్లూ అక్కడే ఉంది. నిన్న మధ్యాహ్నం బస్సు దిగి వచ్చింది. వచ్చీ రాగానే "మక్కలెండినయా?" అని అడిగింది. "ఎండినయి అత్తమ్మా" అన్నాను. అంతే మాట్లాడుకున్నాం. అన్నం తిని పడుకుంది.

మోటారును మెకానిక్‌కు చూపించి రమ్మని సారు చెబితే నా భర్త అచ్చంపేట పోయాడు. నేను చెలక అవతలి కొసన గడ్డి కోస్తున్నాను. నాలుగు దాటాక మబ్బు పట్టి గాలి లేచింది. పట్ట అంచు ఒకటి రాయి కింది నుంచి ఊడి కొట్టుకుంటోంది. మా అత్త గట్టు మీదున్న మా గుడిసెలోంచి బయటికి వచ్చి దాన్ని చూసింది.

"ఓ బాలమణీ, మక్కలు తడుస్తయే! నేను కప్పుత తియ్యి!"

"అత్తమ్మా, అవి మక్కలు గాదు, నీళ్లు! ఎక్కకు!"

గాలి ఆమె వైపు నుంచి నా వైపుకు వీస్తోంది. ఆమె మాట నాకు వినిపించింది, నా మాట ఆమెకు చేరలేదు. తాను చూసుకుంటానన్నట్టు నాకు చెయ్యి ఊపింది. ఒక రాయి ఎత్తుకుని, ఉబ్బు మీద పెట్టడానికి పట్ట మీద అడుగేసింది. రెండో అడుగుకు పట్ట లోపలికి పోయింది. తాళ్లు ఊడి, పట్ట ఆమె మీదికే ముడుచుకుంది.

నేను ఉరికాను. పట్ట పట్టుకుని లాగాను, రాలేదు. నీళ్లెక్కి బరువైపోయింది. లోపల ఆమె కదలడం పైకి తెలుస్తోంది. మళ్లీ లాగాను, రాలేదు. అత్తమ్మా అత్తమ్మా అంటూ మళ్లీ లాగాను. రాలేదు. అప్పుడు కింది వైపుకు దిగి కొడవలితో షీటు కోశాను. నీళ్లు నన్ను కూడా పడేసి చెలకలోకి పారాయి. నేను లేచి పట్ట తీసేసరికి ఆమె కదలడం లేదు. అంబులెన్సు వచ్చింది. దవాఖానలో చూసి పాణం లేదన్నారు. వాన కూడా పడలేదు.

సరిగ్గా కప్పలేదని, తొట్టి పాడు చేశామని సారు మా మీద ఫిర్యాదు ఇచ్చాడట. తాళ్లు ఎవరు కట్టారంటే నా భర్త "నేనే" అన్నాడు. అబద్ధం ఆడటం అతనికి రాదు. అప్పటి నుంచి ఇక్కడే ఉంచారు. ఎస్సై గారు వస్తేగాని పంపలేమంటున్నారు. ఆయన ఎప్పుడొస్తారో ఎవరికీ తెలియదట.

పోస్టుమార్టం అయిపోయింది, శవాన్ని తీసుకుపొమ్మంటున్నారు. ఆమెకు ఒక్కడే కొడుకు. కొరివి అతనే పెట్టాలి. ఊరివాళ్లు కట్టెలు పేర్చి, ఫోన్ చేసి "ఎప్పుడు తెస్తరు?" అని నన్నే అడుగుతున్నారు. నేనేం చెప్పాలి? నిన్న చేతిలో ఉన్న పట్టే లాగలేకపోయాను, ఇక్కడ ఎవరిని లాగగలను?

రాళ్లు పెట్టింది నేను. షీటు కోసింది నేను. అతన్ని ఒక్క పూట వదలండి, తల్లికి కొరివి పెట్టి వస్తాడు. అప్పటిదాకా అతని జాగాలో నన్ను కూర్చోబెట్టండి. దీనికి హెడ్ కానిస్టేబుల్ గారు "ఒగరి బదులు ఒగరిని ఉంచుకునే కాయిదా లేదమ్మా" అన్నారు. ఆ మాట కూడా రాయమన్నాను.

రాసింది నాకు చదివి వినిపించారు. నేను చెప్పినట్టే ఉంది, కల్పించి చెప్పింది ఏమీ లేదు. సంతకం రాదు కనుక వేలిముద్ర వేస్తున్నాను.

(బాలమణి ఎడమ బొటనవేలి ముద్ర)

రాసినవారి గమనిక: వాంగ్మూలం ముగిసింది, ఇంటికి వెళ్లవచ్చని సాక్షికి చెప్పాను. ఆమె వెళ్లలేదు. పక్క గదిలోకి పోయి భర్త పక్కన బెంచీ మీద కూర్చుని, "ఇగ నువ్వు లెవ్వు, పో" అని అతనితో అంటోంది.