ఎనిమిదో తరగతి వార్త

మల్లక్కనా? అప్పటికి ముప్పయ్యారేండ్లు ఆమెకు. రోజు పొద్దుగాల బడి గేటు ఊచలు పట్టుకోని నిలబడి వార్తలు ఇనేది. కూసో హర్షిణీ, నిలబడే ఇంటవా ఏంది? ఆ కుర్చీ ఇటు జరుపుకో, ఫ్యాను గాలి ఇటే వస్తది. నువ్వు బడి వాట్సాప్ గ్రూపుల వార్తలు పెడ్తున్ననని మురుస్తున్నవు గద, ఫలానా పిల్లకు పతకమొచ్చింది, ఫలానా పిలగాడు బొమ్మలేసుడుల ఫస్టొచ్చిండని. మంచిదే, నేను కాదంటలేను. గని మన సిస్టర్ల బడి వార్తలంటే ఈ గోదావరిఖనిల కాలనీకి కాలనీ పనులాపి ఇన్న దినాలున్నయి బిడ్డా. అవి మల్లక్క దినాలు. ఆమె మన బడిల చదివింది లేదు, పనిచేసింది లేదు. బొగ్గుబాయిల పనిచేసే బిక్షం పెండ్లాం, ఏడో తరగతి మమత తల్లి. పోయి శానేండ్లైంది. మన బడి గోడ మీద ఫాదర్ల ఫొటోలున్నయి, మదర్ల ఫొటోలున్నయి, వచ్చి రిబ్బను కత్తిరించి పోయిన ఆఫీసర్ల ఫొటోలు సుత ఉన్నయి. ఆమెది లేదు. నీకెట్ల తెలుస్తది మరి?

నేను మంథని నుంచి వచ్చిన కొత్తలు. తెలుగు టీచర్‌ను. మా అత్తగారు, "ఆ సిస్టర్ల బడిల చెప్పి చెప్పి అట్లనే వంటింట్లకు రాకు రమామణీ, నెత్తి మీద రెండు చెంబులు పోసుకోనిరా" అనేది. పోసుకునేదాన్ని. రామగుండం ఎండలకు హాయిగనే ఉండేది, ఆమెకేమో నేను మడి కట్టుకున్నట్టు తృప్తి. ఏం చెప్తున్న? ఆ, సిస్టర్ ఫిలోమినా. మా హెడ్మిస్ట్రెస్. కేరళామె. తెలుగు ఎట్లుండేదంటే, "రమామణీ టీచర్, నీవు వచ్చినారు, నాకు సంతోషం వచ్చినాడు" అనేది. నవ్వకు, ఆమె ఆ తెలుగుతోనే ఏం చేసిందో ఇను. ఆమె పెట్టిన పద్ధతి ఒకటుండె. పొద్దున అసెంబ్లీల దేశం వార్తలు, ఆటల వార్తలు అన్ని బళ్ళల్ల చదువుతరు. మన బడిల వాటి వెనుక ఇంటి వార్తలు. ఎవలింట్ల ఏం జరిగిందో వాళ్ళ పిల్లలొచ్చి చెప్తె నేను సక్కటి తెలుగుల పెట్టిచ్చేదాన్ని, ఏడో తరగతి పిల్ల మైకుల చదివేది. "నాలుగో తరగతి కుమార్ వాళ్ళ నాన్నగారికి బాయిలో చెయ్యి విరిగినది, దవాఖానలో ఉన్నారు." చదువుడు ఆగంగనే బడి మొత్తం ఒక్క గొంతుతోని, "ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము." "రెండో తరగతి పద్మకు చెల్లెలు పుట్టినది." "ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము." ఒకపాలి ఎవలిదో మేక తప్పిపోయింది, దానికి గూడ అదే ప్రార్థన. హిందువుల పిల్లలు, సాయిబుల పిల్లలు, ఎవలైతేంది, అలవాటు పడ్డ నోర్లు. వార్త ఆగితే ప్రార్థన అదే వచ్చేది.

ఆ మైకు ఇప్పించింది ఎవలనుకున్నవు? పేరెంట్స్ కమిటీ ప్రెసిడెంటు, కామేశ్వరరావు గారు. కోస్తా దిక్కు నుంచి వచ్చిన ఇంజనీరు. ఇస్త్రీ నలగని చొక్కా, మాట సుత గంతే. "మన పిల్లల ఇంగ్లీషు కాలనీ అంతా వినపడాలండీ సిస్టర్‌గారూ" అని పెద్ద లౌడ్‌స్పీకర్ తెచ్చి, మూతి కార్మికుల క్వార్టర్ల దిక్కు తిప్పి బడి మీద కట్టించిండు. ఇంగ్లీషు ఎవలిన్నరో దేవునికెరుక. ఇంటి వార్తలు మాత్రం అందరిన్నరు. నైట్ షిఫ్టు దిగొచ్చేటోళ్ళు బడి ముంగట చాయ్ హోటల్ కాడ సైకిళ్ళాపి, మొఖం మీద బొగ్గు మొఖం మీదనే ఉండంగ ఇని పోయేటోళ్ళు. "ఇంట్ల కూసున్నా ఇనబడుతది గద మల్లక్కా, గేటు దాక ఎందుకు?" అని అడిగిన నేను. "సదివే పిల్ల మొఖం సూడాలె టీచరమ్మా, రేడియోకు మొఖం ఉంటదా?" అన్నది. చదువు రాదు ఆమెకు. ఇక్కడ ఇన్నది నల్లా కాడికి వోయి బిందెలు నిండేలోపల అందరికి చెప్పేది, ఎవలింట్ల కష్టముంటే వాళ్ళింటికి కూర గిన్నె పంపించేదాక ఊకునేది కాదు. సిస్టర్‌తోని సుత బెదరు లేదు. ఒకనాడు సిస్టర్ వేలికి ఉంగరం చూసి, "పెండ్లయిందా సిస్టరమ్మా?" అనడిగింది. "ప్రభువుతో అయినాడు" అన్నది సిస్టర్. మల్లక్క ఆలోచించి, "నీ పెనిమిటే నయమమ్మా. తాగి రాడు" అన్నది. సిస్టర్ నవ్వి నవ్వి కండ్లద్దాలు తీసి తుడుసుకున్నది.

అప్పుడు బడి ఏడు దాకనే ఉండె. ఏడైతే మగపిల్లలు బస్సెక్కి దూరం బడికి పోయేటోళ్ళు, ఆడపిల్లలు ఇంట్ల బోళ్ళ ముంగట కూసునేటోళ్ళు. నేను అ ఆలు దిద్దించిన పిల్లలు, పద్యం అప్పజెప్పితే గోడలు మోగిన పిల్లలు, మరుసటేడు సంకల తమ్ముణ్ణి ఎత్తుకోని గేటు బయట నుంచి "నమస్తే టీచర్" అనేటోళ్ళు. సిస్టర్ తిరిగి తిరిగి ఎనిమిదికి పర్మిషన్ తెచ్చింది. గని ఉన్నది ఒక్కటే గది. పిల్లలేమో రెండు గదులకు సరిపోయేటంత మంది. ఏం చేద్దామని కమిటీ మీటింగు పెట్టిండ్రు. ఎప్పుడు పెట్టిండ్రు? పనిదినం, పొద్దున పదింటికి. అప్పుడు ఫస్టు షిఫ్టోళ్ళు భూమిలోపల ఉంటరు, నైట్ షిఫ్టోళ్ళు నిద్రల ఉంటరు. ఇగ ఎవలొస్తరు? ఆఫీసర్లొచ్చిండ్రు, దుకాణాలోళ్ళొచ్చిండ్రు. తల్లులు సుత వచ్చిండ్రు, గని కుర్చీలు తండ్రులకే ఏసిండ్రు, తల్లులు వరండాల. మల్లక్క కిటికీ కాడ నిలబడి చెయ్యెత్తింది. "సారూ, నాదొక్క మాట." కామేశ్వరరావు గారు ఎంత మర్యాదగ అన్నడో, "అమ్మా, మీ ఆయన్ని పంపించండి, ఆయనతో మాట్లాడతాం." "ఆయన బాయిల ఉన్నడు సారూ." "అయితే రేపు రమ్మనండి." "రేపటికి మీ మీటింగుంటదా?" వరండాల తల్లులంతా కిసుక్కున నవ్విండ్రు. లోపల ఎవలు నవ్వలే. అర్ధ గంటల తేల్చేసిండ్రు. "గది ఒకటే కనక మగపిల్లలకి మాత్రమే ఎనిమిది పెడదామండీ. ఆడపిల్లలకి ఏడు చాలు, ఆ తర్వాత చదువుకున్నా ఏం చేస్తారు చెప్పండి?" అందరు తలకాయలూపిండ్రు. సిస్టర్ ఒక్కతే ఊపలే, గని ఆమెకు ఓటు లేకుండె.

మీటింగు లేవంగనే మల్లక్క సక్క నా క్లాసుకొచ్చింది. "టీచరమ్మా, రేపు వార్తలు సదివేది మా మమతనే గద?" అన్నది. "ఔ." "మరి ఇంటి వార్తలల్ల ఇది రాయి. ఉన్నది ఉన్నట్టు రాయి, తిట్టద్దు." ఆమె చెప్పవట్టె, నేను రాయవట్టె. కమిటీ తీర్మానం రాయించింది. ఇంక ప్రెసిడెంటు గారి బిడ్డ సుహాసిని ముచ్చట రాయించింది. నా దగ్గరనే ఏడు చదివి హైదరాబాదుకు పోయింది సుహాసిని, అందరికి తెలిసిందే, ఎవలు పైకి అనలేదు గంతే. నేను కాయితం మడుస్తుంటే, "ఆగు, ఇంకోటున్నది" అని వాళ్ళాయన వార్త రాయించింది. "మల్లక్కా, నీ ఇంటి మనిషే, పిల్ల నోటితోని చదివిస్తవా?" అన్న. "పెద్దసారు ఇంటిది సదివి మా ఇంటిది దాస్తె గది వార్తెట్లయితది టీచరమ్మా? సాడీ అయితది" అన్నది. పోయేముందు సిస్టర్‌కు చూపెట్టిన. ఆమె మెడల సిలువ పట్టుకోని కూడబలుక్కుంటు చదివింది. "ఇందులో అబద్ధం ఉన్నాడా?" అనడిగింది. లేదన్న. "అయితే వార్త" అన్నది.

తెల్లారింది. జెండా కాడ పిల్లలు, గేటు కాడ మల్లక్క, చాయ్ హోటల్ కాడ నైట్ షిఫ్టు మనుషులు. మమత నూనె పెట్టి రెండు జడలేసుకోని వచ్చింది. దేశం వార్తలైనయి, క్రికెటైంది. ఇంటి వార్తలు. "మన బడిలో వచ్చే జూన్ నుండి ఎనిమిదో తరగతి మగపిల్లలకు మాత్రమే ఉండునని కమిటీ తీర్మానించినది." ఆగింది. అలవాటు గద, బడి మొత్తం అందుకున్నది, "ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము." "ఆడపిల్లలకు ఏడు చాలునని అధ్యక్షులు కామేశ్వరరావు గారు చెప్పినారు. వారి కుమార్తె సుహాసిని హైదరాబాదు హాస్టలులో ఉండి ఎనిమిదో తరగతి చదువుచున్నది." "ప్రభువా, మా ప్రార్థన ఆలకించుము." చాయ్ హోటల్ కాడ ఎవలో ఈలేసిండు. మూడోది మొదలుపెట్టి మమత ఆగిపోయింది. గేటు దిక్కు చూసింది. మల్లక్క తలకాయ ఊపింది, ఊ, కానియ్యి అని. పిల్ల చదివింది. "ఏడో తరగతి మమతను వచ్చే సంవత్సరం నుండి ఇంట్లో ఉంచి తమ్ములను చూసుకొమ్మని ఆమె తండ్రి బిక్షం గారు చెప్పినారు. మమతకు చదువుకోవాలని ఉన్నది." ఈపాలి ప్రార్థన ఎంత గట్టిగొచ్చిందంటే, హర్షిణీ, నేను బాపనింట్ల పుట్టినదాన్ని, నేను గూడ అన్న.

కామేశ్వరరావు గారు టిఫిన్ సుత తినకుండ స్కూటరేసుకోని వచ్చిండు. "ఏవండీ సిస్టర్‌గారూ, ఇది బడా, రచ్చబండా? మా ఇంట్లో విషయాలు మైకులో చదివిస్తారా?" సిస్టర్ కుర్చీ ఏసి, నీళ్ళిచ్చి, "వార్తలో తప్పు ఎక్కడ ఉన్నాడు సార్? చెప్పండి. రేపు సరి చేసి చదువుతాము" అన్నది. మైకేమో ఆయన ఇచ్చిందాయె. నీళ్ళు తాగి పోయిండు. గని పాపం, ఆయన కోపం నోటితోనే పోయింది. బిక్షంది గట్ల పోలే. బాయి మీద తోటోళ్ళు ఆటాడిచ్చిండ్రు, "ఏం బిక్షం బావా, రేడియోల పడ్డవట, ఇగ బాయికేమొస్తవు తీ" అని. షిఫ్టు దిగి, తాగి, ఇంటికి పోయి మల్లక్కను కొట్టిండు. తెల్లారి గేటు కాడికి వచ్చింది. రాకుండుంటదా? చెంప ఉబ్బి కన్ను మూసుకపోయింది. కొంగు కప్పుకోలే. నన్ను పిలిచి, "ఇది సుత ఇంటి వార్తనే గద టీచరమ్మా" అన్నది. నా వెనుక సిస్టర్ ఉన్నది. ఆ దినం మైకు పిల్లలకియ్యలే. పిల్లతోని ఇది చదివియ్యద్దని ఆమే పట్టుకున్నది. కాయితం లేదు. ఆమె తెలుగు ఆమెదే. "ఇంటి వార్త. నిన్న మల్లక్కని బిక్షం కొట్టినాడు. కారణం, ఎనిమిదో తరగతి." గంతే. అన్నేండ్లల్ల ఆమె మాట్లాడిన తెలుగుల తప్పు లేనిది అదొక్కటే. ప్రార్థన? ముందు మమత అన్నది, ఒక్కతే. తర్వాత అందరు.

ఇగ చూడు. కాలనీల ఆడోళ్ళకు ఒక మాట దొరికింది. ఎవలింట్ల మొగడు చెయ్యెత్తినా, "ఎత్తు ఎత్తు, రేపు సిస్టర్ల వార్తల్ల వస్తవు" అనేటోళ్ళు. చేతులు కిందికి దిగేటివి. అన్నీ కాదులే, మగోళ్ళు దేవుళ్ళైపోయిండ్రని చెప్తె నువ్వు నమ్ముతవా? గని శానమంది జర ఎనుకాముందు చూసుకున్నరు. ప్లేడే నాడు, అదే, బాయి సెలవు దినం నాడు, మళ్ళ మీటింగు పెట్టిండ్రు. ఈపాలి తల్లులు ముందే వచ్చి కుర్చీలల్ల కూసున్నరు, లేవమనే మొగోడు లేకపాయె. కామేశ్వరరావు గారు, "గది ఒకటేనండీ, నేనేం చెయ్యను, మీరే చెప్పండి" అన్నడు. అప్పుడు చెప్పింది మల్లక్క, కిటికీ కాడ చెప్పనియ్యని మాట. "ఒక్క బాయిల మూడు షిఫ్టులు నడిపిస్తరు గద సారూ, ఒక్క గదిల రెండు నడువయా?" అన్నది. గంతమంది ఇంజనీర్లు! ఒక్కనికి తట్టలేదది. జూన్‌ల ఆడపిల్లలకు పొద్దటి పూట, మగపిల్లలకు పగటి పూట ఎనిమిదో తరగతి మొదలైంది. నేను రెండు షిఫ్టులు చేసిన, పద్యాలు చెప్పి చెప్పి గొంతు పోయేది. ఆడపిల్లలు పొద్దున్నే సంచులేసుకోని వచ్చుకుంట, "ఫస్టు షిఫ్టు టీచర్" అని అరిచేటోళ్ళు. ఆ పిల్లలల్ల నర్సులున్నరు, టీచర్లున్నరు, వకీలు సుత ఉన్నది. నువ్వు ఇయ్యాల తొమ్మిదికి, పదికి చెప్తున్నవంటె, ఆ గదే ఏడాదికొక తరగతి పెరిగి పదైంది బిడ్డా.

బిక్షమా? కొట్టుడు బందైంది. మాట్లాడుడు సుత బందైంది. మమతను ఆపలే, ఫీజు అడిగితే గోడ దిక్కు చూసేటోడు. "మాట లేని మనిషితోని ఎట్లుంటున్నవే మల్లక్కా?" అని నేనే ఒకనాడు అడిగిన. "క్వార్టరు బడికి దగ్గర గద టీచరమ్మా" అన్నది. పదో తరగతి ఫలితాలొచ్చిన నాడు మమత ఉరికొచ్చి నా కాళ్ళకు మొక్కింది, ఫస్టు క్లాసు. వెనుక మల్లక్క ఉన్నది, చేతుల బట్టల మూట, పక్కన మమత తమ్ములిద్దరు. ఆ దినమే బిక్షాన్ని ఇడ్సిపెట్టింది.