రాయికి ఏ కట్టు?

ఆంట్వెర్ప్ రైల్వేస్టేషన్ వెనక సందులో ఆల్ఫోన్స్ నగల కొట్టు. ఆయన ఎదుట గొడెలీవ్ బామ్మ, ఆమె పక్కన మనవడు సెప్పె.

“అది కాదు బామ్మా, నేనింకా ఫెంకెని పెళ్ళి చేసుకుంటావా అని అడగనే లేదు!”

“నువ్వు కాసేపు ఊరుకో సెప్పె. ఆల్ఫోన్స్ గారూ, ఇదిగో రాయి. మా అమ్మ బ్రోచ్‌లోది. నిశ్చితార్థం ఉంగరంలో పొదగాలి. ఏ కట్టు బావుంటుందో మీరే చెప్పండి.”

“చిన్నదే అయినా చుక్కలా ఉంది గొడెలీవ్ గారూ. చుట్టూ ఆరు బంగారు గోళ్ళు పెట్టి పైకెత్తి పట్టుకుంటే దీపంలా వెలుగుతుంది. ఇదిగో, ఇలా.”

“అమ్మో, ఇంత ఎత్తా! స్వెట్టర్ దారాలన్నీ లాగేస్తుంది.”

“ఫెంకె స్వెట్టర్లు వేసుకోదు బామ్మా.”

“వేసుకోకపోతే చలికి చస్తుంది. ఇంకోటి చూపించండి.”

“పోనీ, చుట్టూ చిన్న చిన్న రాళ్ళు పేర్చితే? ఈమధ్య వయసు పిల్లలంతా ఇదే అడుగుతున్నారు.”

“పెళ్ళికొచ్చే చుట్టాలు చాలరా? రాయికి కూడానా?”

“ఫెంకెకి తళతళలంటే ఇష్టం బామ్మా. అసలు... అసలు మా పరిచయమే మొన్న వేసవిలో కదా. కాస్త ఆగుదామా?”

“నిన్నెవరు తొందరపెట్టారురా?”

“నువ్వే! ఉంగరం చేయించాలి, రా అని లాక్కొచ్చావు!”

“తోడు రమ్మన్నాను, అంతే. ఆల్ఫోన్స్ గారూ, వీణ్ణొదిలేయండి. పొద్దస్తమానం చేత్తో పనిచేసే మనిషనుకోండి. ఆకురాయి, పట్టకారు... అలాంటి చేతికి ఏది ఆగుతుంది?”

“ఫెంకె బ్యాంకులో పనిచేస్తుంది బామ్మా! ఆకురాయేంటి?”

“అలాగైతే గట్టు కట్టాలండీ. రాయి చుట్టూ బంగారం గట్టులా పోసేస్తాం. కిందకి అణిగి ఉంటుంది, దేనికీ తగులుకోదు. నాకైతే అదే ఇష్టం. కానీ ఆడపిల్లలకి...”

“మీకు అదే ఇష్టమా?”

“నా ఇష్టంతో ఏం పనండీ?”

“అడిగినదానికి చెప్పండి. ఇష్టమేనా?”

“ఇష్టమే.”

“అయితే అదే ఖాయం.”

“బామ్మా, నా మాట కూడా...”

“మరి వేలి కొలత గొడెలీవ్ గారూ? పాత ఉంగరం ఏదైనా తెచ్చారా?”

“తేలేదు. వేలే ఇక్కడుందిగా.”

“ఎక్కడ? మీదా? మీ వేలూ ఆ అమ్మాయి వేలూ ఒకటే ఎలా అవుతాయండీ?”

“ఏ అమ్మాయండీ? అమ్మాయని నేనన్నానా? మీ ఆవిడ పోయాక ప్రతి ఆదివారం మా ఇంటికి కాఫీకొస్తారు. ఏదో చెప్పబోతారు. చివరికి వాన గురించి మాట్లాడి గొడుగు పట్టుకుని పోతారు. ఎదురుచూసి ఎదురుచూసి నాకు విసుగొచ్చింది. చెయ్యి ఇలా పెట్టండి.”

“బా... బామ్మా!”

“నువ్వు సాక్షివి. కళ్ళు తెరిచి చూడు, నోరు కాదు. ఏమండీ, ఆ కళ్ళజోడెందుకు తుడుస్తున్నారు? వద్దా?”

“వద్దని... వద్దని ఎవరన్నారు?”

“మరి?”

“ఎడం చెయ్యా, కుడి చెయ్యా?”