అక్క తిరగని ఫోటో

“అవ్వా, నిన్న తిరపతిలో ఆ ఏటి ఫోటో కాడ అట్లే నిలబడిపోతివే, పిలిస్తే పలకనన్నా పలకలా. ఏమయ్యిండె నీకు?”

ఏమీ కాలా మే. మోకాళ్ల నొప్పి తప్ప నాకేం రోగం. ఆ ఫోను ఈడ పెట్టినావే, నా మాటలు పట్టుకుంటాదా అది? పట్టుకోనీలే. ఆ వక్కాకు సంచి రవ్వంత ఇట్లియ్యి. నోట్లో ఏమన్నా పడితే గానీ మాట సాగదు నాకు.

ఫోటోలు సూద్దాం రా అవ్వా అని నువ్వంటే, నేను పెండ్లి ఫోటోలనుకుంటిని. ఎవరిదో పెండ్లి సూసేదానికి శ్రీకాళస్తిలో బస్సెక్కి తిరపతి దాకా పోవాల్నా అని మనసులో తిట్టుకుంటిని గూడా. ఆడ సూస్తే పెద్ద హాలు, తెల్లటి గోడలు, ఒక్కో ఫోటోకి ఒక్కో దీపం. లోపల సల్లగా ఉండె. గుళ్లోకి పొయ్యేటట్టు సెప్పులు బయట ఇడిస్తే, నీకు నామోషీ అయ్యి మళ్లీ ఏసుకోమంటివి. నవ్వొద్దు, నీ మొగం నేను సూడలేదనుకున్నావా?

మొదటి ఫోటో గెవనం ఉండాదా? ఒక ఆకు, దాని మీద ఒక నీళ్ల బొట్టు. అంతే. మా దొడ్లో తెల్లారితే ఆకుకొకటి ఉంటాది, దీనికి దీపమెందుకురా సామీ అనుకుంటిని. అనుకుంటిని గానీ కండ్లు పక్కకి రాలా మే. ఆ బొట్టులో ఆకాశం ఉండె, సిన్న కొండ తలకిందులుగా ఉండె. ఇన్నేండ్లు దొడ్లో తిరిగినానే, ఒక్క బొట్టులోకన్నా తొంగి సూస్తినా? పొయ్యి రాజేసే తొందర, పాలు పిండే తొందర. ఆ ఫోటో తీసినాయప్పకి తొందర లేదు సూడు, అందుకే కనపడింది.

తరవాత తలకోన నీళ్లు. తరవాత తడ కాడ ఉప్పునీళ్ల సెరువులో దిగే కొంగలు. మీ తాత ఉండినబ్బుడు ఒకసారి తడకి పోతిమి మే, పెండ్లికి. కాదు కాదు, సీమంతానికి. బస్సుకి ముక్కాలు రూపాయో ఎంతో. ఆ కొంగల్ని సూసి వద్దామంటే, మనూరి మడికాడ లేవా కొంగలు అని నన్ను బస్సెక్కించె. ఆయప్ప మాటలన్నీ అట్లాంటివే. నిన్న వాటిని గోడ మీద సూస్తిని, ఎర్రటి రెక్కలు. మడికాడ కొంగలు కాదు మే అవి. సరే, మీ తాత సంగతి ఇడిసిపెట్టు, యాడుంటి నేను?

ఆఁ, ఏరు. ఆ మూల తిరిగితే మన సొర్ణముఖి. పాత ఫోటో, నలుపూ తెలుపూ. నిండుగా పారతా ఉండాది. నీకు తెలిసిన ఏరంతా ఇసకా ముండ్లచెట్లే కదా, మాకు అట్ల పారేది. నీళ్ల మీద పొడుగాటి గుడ్డ తేలతా ఉండాది. ఒక ఆడబిడ్డ మోకాటిలోతులో నిలబడి ఈ కొన పట్టుకోనుండాది. కొంగు నడుముకి దోపుకోని, మనకి వీపు పెట్టి. నేను ముందు నీళ్లు సూస్తిని. తరవాత గుడ్డ సూస్తిని. అబ్బుడు ఆ బిడ్డ ఎడమ మోసెయ్యి సూస్తిని. బయటికి వంగి ఉండాది.

మా మంగక్క మే అది. మా అక్క.

సింతకాయలకని సెట్టెక్కి పడి సెయ్యి ఇరిగింది సిన్నప్పుడు. నాయన పుత్తూరు కట్టుకి తీసకపొయ్యేలోపల ఆలస్యమయ్యి, ఆ మోసెయ్యి ఎప్పటికీ అట్లే వంగి ఉండిపోయె. బిందె సంకనెత్తుకున్నా, జడేసుకున్నా అట్లే. ఊరంతట్లో అట్లాంటి మోసెయ్యి ఇంకోటి లేదు.

మాది అద్దకం పని కదా. ఇప్పుడు మీరు కలంకారీ అంటారే, మేము అద్దకం అనే అంటా ఉంటిమి. నాయన గుడ్డ మీద దేవుళ్లని గీసేది, రంగు పెట్టేది. అక్కా నేనూ ఏట్లో జాడించేది. నిలవనీళ్లలో ముంచితే ఒదిలిన రంగు మళ్లీ గుడ్డకే పట్టుకుంటాది. పారే నీళ్లు కావాల. రుద్దకూడదు, పిండకూడదు. ఇద్దరు రెండు కొనలు పట్టుకోని నిలబడితే ఏరే కడుక్కోని పోతాది. ఇప్పుడు బోరునీళ్లు, సిమెంటు తొట్లు, ఏం సేస్తారు పాపం, ఏరు యాడుండాది.

నాయన ఒక కట్టడి పెట్టినాడు మాకు. గుడ్డ పట్టుకున్న ఇద్దరూ ఒకరి మొగం ఒకరు సూస్తా ఉండాల. నీళ్ల మోతలో మాట వినపడదు కదా, ఎబ్బుడు దించాల, ఎబ్బుడు లాగాల, అంతా కండ్లతోనే. ఒకరు పక్కకి సూసినారా, గుడ్డ మడతపడతాది. మడతలో ఎరుపు కారి దేవుడి మొగానికి అంటుకుంటాది. ఇంక ఆ గుడ్డ పోయినట్టే. నేను కొంగల్ని సూస్తా, సేపల్ని సూస్తా, వాగతా ఉంటిని. అక్క మాత్రం నన్ను ఇడిసి సూపు తిప్పేది కాదు.

తిరుత్తణి కాడ ఇచ్చిరి అక్కని. రెండో కానుపులో పోయింది. ఫోటో ఒక్కటి లేదు మే. ఫోటో తీస్తే ఆయుసు తగ్గుతాదని మా అమ్మ తియ్యనీలా. తియ్యకపోతే పెరిగిందా?

మొదట్లో కండ్లు మూసుకుంటే మొగం వస్తా ఉండె. పోనుపోను ముక్కుపుడక ఒక్కటే వచ్చేది. ఈ మధ్య అదీ లేదు, మీ అమ్మ మొగం వచ్చి కూసుంటాది ఆ తావులో. మీ అమ్మకి దాని పోలికని అబ్బట్లో అంటా ఉండిరి. నిజంగా పోలికో, నేనే అతికించుకుంటినో, ఎవర్ని అడిగేది? అక్కని సూసినోళ్లలో నేనొక్కదాన్నే మిగిలినాను. నా కండ్లలో గూడా లేకపోతే ఇంక యాడా లేదు కదా అది. అదే మే నా బాధ. అందుకే నిన్న ఆడ నిలబడిపోతిని. ఒక్కసారి ఇట్ల తిరగతాదేమో అని. పిచ్చిదాన్ని, ఫోటోలో ఉండేది తిరగతాదా?

నువ్వు నీళ్లు తెచ్చేదానికి పోయినబ్బుడు, ఆ ఫోటోలు తీసినాయప్ప వచ్చినాడు. నాకంటే పెద్దాయన, తెల్ల గడ్డం. “ఏమ్మా, బాగుండాదా?” అనె.

“సామీ, ఈ బిడ్డ ఇట్ల తిరిగిన ఫోటో ఇంకోటి ఉండాదా?” అంటిని.

“లేదమ్మా,” అన్నాడు. “వయసులో ఉండినప్పుడు తీసింది. పొద్దు వాలేదాకా ఒడ్డున కాచుకున్నాను, ఒక్కసారైనా తిరగతాదేమో అని. తిరగలేదు. గుడ్డకి ఆ కొనలో ఒక చిన్నపిల్ల ఉండె, ఊరికే వాగతా కదలతా ఉండె. ఫోటో చెడిపోతాదని ఆ పిల్లని ఫోటోలోకి రానీకుండా వదిలేసినాను.”

“ఆ పిల్లని నేనే సామీ,” అంటిని.

ఆయప్ప కండ్లద్దాలు తీసినాడు. నన్ను సూసినాడు, ఫోటో సూసినాడు. “ఆమె మొగం ఎట్లుంటాదమ్మా? నాకు ఇన్నేండ్లూ అదే ఆలోచన,” అని అడిగినాడు.

సెప్పేదానికి నోరు తెరస్తే ఏమొచ్చింది నాకు? ఏమీ లేదు. సిగ్గయిపోయె. మళ్లీ ఫోటో దిక్కు సూస్తిని. నీళ్లు, గుడ్డ, ఆ మోసెయ్యి. నా సేతుల్లోకి గుడ్డ బరువు వచ్చినట్టయ్యె మే, తడిసిన గుడ్డ లాగేస్తాదే, ఆ బరువు. అబ్బుడు కనుబొమ్మలు వచ్చినాయి. నేను పక్కకి సూస్తే కనుబొమ్మలు పైకెత్తి, కింద పెదవి పండ్లతో పట్టుకోని, “ఓయ్, ఇటు” అన్నట్టు సూసేది. అవి వచ్చినాయి. కనుబొమ్మలూ, ఆ పెదవీ. అంతకంటే రాలా. ఎంతసేపు నిలబడినా రాలా.

అదే సెప్పితిని ఆయప్పకి, నాయన పెట్టిన కట్టడి గూడా సెప్పితిని. తల ఊపినాడు. ఆయప్పకి అక్క ఎందుకు తిరగలేదో అబ్బుడు తెలిసింది. నాకు గూడా అబ్బుడే తెలిసింది మే. పొద్దు వాలేదాకా ఒడ్డున ఒక మొగోడు కెమెరా పట్టుకోని కూసున్నాడు, అది వాని దిక్కు సూడలా. నన్నే సూస్తా ఉండింది. అంతసేపూ నన్నే.

ఏడవలేదులే, వక్కపొడి పొలమారింది. కండ్లు తుడుసుకో నువ్వు, నన్ను సూసి నువ్వెందుకు.

సరే, ఆ ఫోను ఆపు. నీ సెల్లెలు శ్రీ సిటీ కంపెనీ బస్సు దిగే పొద్దయ్యింది. పొద్దన్నుంచీ నిలబడే పని దానిది, పాపం. వస్తే ఎదురుగా కూసోబెట్టుకోని అన్నం పెట్టు. ఫోటోలు ఎన్నైనా ఉండనీ మీ ఫోన్లల్లో. దాని మొగంలోకి సూసి పెట్టు మే, బాగా సూసి పెట్టు. సల్లగా ఉండండి తల్లీ ఇద్దరూ, నూరేండ్లు, ఒకరి కండ్ల ముందర ఒకరు...